ఆటల పేరు మీద భూమి: మామిడిపల్లి 450 ఎకరాలు

ఈసారి స్టేడియాల గురించి రాస్తున్నామని చెప్తే మా మిత్రుల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. కారంచేడు, చుండూరుల మీద చర్చ జరగాల్సిన పత్రికలో క్రికెట్ ముచ్చట ఏందన్నారు. దళితుల సమస్య అంటే దాడులు, రిజర్వేషన్లు, హాస్టళ్ళు అనే గీత మన మేధావుల బుర్రల్లో కూడా గట్టిగా పడిపోయింది. రాజ్యం తన డబ్బును, తన చేతిలో ఉన్న భూమిని ఎటు మళ్ళిస్తున్నది అనే లెక్క మాత్రం ఆర్థికశాస్త్రం పంతుళ్ళకు వదిలేసినం. ఆ పంతుళ్ళలో మనోళ్ళు ఎందరున్నారో పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు తూర్పు దిక్కు శ్రీశైలం రోడ్డు పోతుంది. ఆ దిక్కున, పహాడీ షరీఫ్‌కు దగ్గరలో మామిడిపల్లి అనే ఊరున్నది. అప్పుడు సరూర్‌నగర్ మండలం, ఇప్పుడు బాలాపూర్ మండలం. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ ఊరి శివారులోని 450 ఎకరాలను, అటు పడమట కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలను కలిపి, మొత్తం 850 ఎకరాలను ఒక క్రీడా అకాడమీల కంపెనీకి రాసిచ్చేందుకు ఒప్పందం చేసుకున్నది. అంతర్జాతీయ స్థాయి అకాడమీలు వస్తాయన్నారు. రాలేదు. ఒక్క పిల్లవాడు కూడా అక్కడ పరుగు నేర్చుకోలేదు. పదిహేడేళ్ళకు పైగా కోర్టులో కేసు మాత్రం నడిచింది.

ఆటలకు ప్రజాధనం పెట్టడం అంటే ఏమిటి, మన దగ్గర ఆ ప్రజాధనం ఏ రూపంలో పోతుంది, అందులో దళితుల వాటా ఏది అనే మూడు ప్రశ్నలకు ఈ 850 ఎకరాల కథ కన్నా మంచి పాఠ్యపుస్తకం మాకు దొరకలేదు.

టీమ్ పోతానంటది, ఊరు డబ్బు కడతది

ఈ వ్యవహారం మీద ఎక్కువ చర్చ జరిగింది అమెరికాలో. అక్కడ ఆటల లీగులు టీముల సంఖ్యను కావాలనే తక్కువగా ఉంచుతాయి. టీమ్ కావాలనుకునే నగరాలు ఎక్కువ, టీములు తక్కువ. దాంతో యజమాని చేతికి ఒక కర్ర దొరుకుతుంది. కొత్త స్టేడియం కట్టిస్తే ఉంటాం, లేదంటే పోతాం అంటాడు. నగర పాలక సంస్థ బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది, స్థలమిస్తుంది, పన్నులు మాఫ్ చేస్తుంది. టిక్కెట్ల మీద, టీవీ హక్కుల మీద వచ్చే ఆదాయం యజమానిది. అప్పు ఊరిది.

పోతామనేది ఉత్త బెదిరింపు కాదు. 1984 మార్చిలో బాల్టిమోర్ కోల్ట్స్ అనే ఫుట్‌బాల్ టీమ్ సామాన్లు ఒక రాత్రికి రాత్రే లారీలకెక్కి ఇండియానాపొలిస్ చేరినయి. తెల్లారి లేచేసరికి ఊళ్ళో టీమ్ లేదు. ఓక్‌లాండ్ కథ ఇంకా విచిత్రం. పోయిన రైడర్స్ టీమును వెనక్కి రప్పించడానికి 1995లో ఆ నగరం, కౌంటీ కలిసి అప్పు చేసి స్టేడియాన్ని పెంచినయి. నెవాడా రాష్ట్రం హోటల్ గదుల మీద పన్ను వేసి 75 కోట్ల డాలర్లు పెడతామనగానే అదే టీమ్ 2020లో లాస్ వెగాస్ పోయింది. టీమ్ పోయినంక కూడా ఓక్‌లాండ్ జనం ఆ పాత అప్పు కడుతూ వచ్చారు. స్టేడియం వస్తే ఊరు బాగుపడతదనే మాటను అక్కడి ఆర్థికవేత్తలు కుడి ఎడమ తేడా లేకుండా చాలావరకు కొట్టేస్తారు. స్టేడియంలో ఖర్చు పెట్టే మనిషి ఆ డబ్బును అదే ఊళ్ళో సినిమాకో హోటలుకో పెట్టేవాడే గదా అన్నది వాళ్ళ వాదం.

మనకు వీటన్నింటి కన్నా దగ్గరి చుట్టం లాస్ ఏంజెలెస్‌లోని చావెజ్ రవీన్ కథ. మెక్సికన్ మూలాలున్న బీద కుటుంబాలు గుట్టల నడుమ బతికిన చోటు అది. 1950 ప్రాంతంలో పేదలకు ప్రభుత్వ ఇండ్లు కడతామని చెప్పి వాళ్ళను లేపారు. కొత్త ఇండ్లలో మీకే మొదటి హక్కు అన్నారు. తర్వాత రాజకీయాలు మారి, ఇండ్ల పథకమే సోషలిజం అని గోల చేసి రద్దు చేశారు. ఖాళీ చేయించిన భూమి మాత్రం నగరం చేతిలో మిగిలింది. 1957 తర్వాత న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి డాడ్జర్స్ అనే బేస్‌బాల్ టీమ్ లాస్ ఏంజెలెస్ వచ్చింది. ఆ భూమి ఆ టీముకు పోయింది. కదలమన్న చివరి కుటుంబాలను 1959 మేలో పోలీసులు మోసుకొచ్చి బయట పడేశారు. 1962లో స్టేడియం తెరిచారు. పేదల ఇండ్ల కోసమని తీసిన భూమి మీద ఆట మొదలైంది.

ఈ కథలో గమనించవలసింది టీమ్ కదలడం కాదు. భూమి చేతులు మారిన తీరు. ప్రజా ప్రయోజనం అనే మాట ఒకసారి భూమిని మనుషుల నుంచి విడదీస్తే, ఆ తర్వాత ఆ ప్రయోజనం మారినా భూమి వెనక్కి రాదు.

మన దగ్గర లెక్క బడ్జెట్‌లో దొరకదు

హైదరాబాద్‌లో స్టేడియం సబ్సిడీని వెతకాలంటే బడ్జెట్ పుస్తకం తెరిచి లాభం లేదు. అమెరికాలో బాండ్లు ఉంటాయి, ఓటింగు ఉంటుంది, కనీసం ఎంత పోయిందో అంకె తెలుస్తుంది. ఇక్కడ పోయేది భూమి. సర్కారు భూమిని తక్కువ ధరకు రాసిస్తే, అసలు విలువకూ రాసిన ధరకూ మధ్య తేడా ఏ పద్దులోనూ ఖర్చు కింద ఎక్కదు. కాబట్టి శాసనసభలో దాని మీద కోత తీర్మానం ఉండదు, ఆడిట్ పేరా వస్తే వస్తుంది లేకపోతే లేదు. పహాణీ తెలిసినోడికే ఇది కనబడుతుంది. పహాణీ చదవడం మన యూనివర్సిటీలు ఏ కోర్సులోనూ నేర్పవు.

850 ఎకరాల ఒప్పందం నడిచిన తీరు చూడండి. ఐఎంజీ అకాడమీస్ భారత అనే కంపెనీ 2003 ఆగస్టు 5న నమోదైంది. ఆగస్టు 9న రాష్ట్ర ప్రభుత్వం దానితో అవగాహన ఒప్పందం చేసుకున్నది. నాలుగు రోజుల పసిగుడ్డు. టెండరు లేదు. పేరు చూస్తే ప్రపంచ ప్రసిద్ధ ఐఎంజీ సంస్థ మనకు గుర్తొస్తుంది. గుర్తు రావాలనే ఆ పేరు. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు హైదరాబాద్‌లో జరిగాయి. 2003 అక్టోబరులో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరగబోతున్నాయి. నగరం క్రీడల రాజధాని అవుతుందని పత్రికలు రాస్తున్న రోజులవి. ఆ ఊపులో ఎవరూ ప్రశ్న వేయలేదు.

2003 నవంబరులో శాసనసభ రద్దయింది. ప్రభుత్వం ఆపద్ధర్మ ప్రభుత్వంగా మిగిలింది. అయినా 2004 ఫిబ్రవరి 10న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు ఎకరా 50,000 రూపాయల లెక్కన కంపెనీ పేరు మీద రిజిస్టరైనయి. అంటే 400 ఎకరాలకు 2 కోట్లు. ఈ అంకెను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, తర్వాత ఇంకో అంకె పక్కన పెడతాం.

ఆ 400 ఎకరాలు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆధీనంలో ఉన్న విస్తారమైన భూమిలోనివి. ప్రభుత్వ రికార్డు చెప్పేదేమంటే, 2004 ఫిబ్రవరి 3న యూనివర్సిటీ 534 ఎకరాల 28 గుంటలు ప్రభుత్వానికి అప్పజెప్పింది, దాని బదులు గోపనపల్లిలో సుమారు 397 ఎకరాలు ఇచ్చారు. అప్పజెప్పిన ఏడో రోజున రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఒక దళిత విద్యార్థి ఫెలోషిప్ ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు పోవడానికి ఎన్ని నెలలు పడుతుందో తెలిసిన మాకు ఈ వేగం చూస్తే ముచ్చటేస్తుంది.

2004లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం 2006 నవంబరులో కేటాయింపును రద్దు చేసింది, 2007లో చట్టం కూడా చేసింది. కంపెనీ హైకోర్టుకు పోయింది. 2006 నాటి ఆ పిటిషన్‌ను తెలంగాణ హైకోర్టు 2024 మార్చి 7న కొట్టేసింది. 2024 మే 3న సుప్రీంకోర్టు కూడా కంపెనీ అప్పీలును కొట్టేసింది. న్యాయం గెలిచిందని చాలామంది రాశారు. గెలిచింది, కాదనం. కాని గెలిచినంక భూమి ఎవరి దగ్గరికి పోయింది?

గచ్చిబౌలి 400 ఎకరాల సంగతి దేశమంతా చూసింది. పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకు అప్పజెప్పి, ఐటీ పార్కుల కోసం వేలం వేయబోయారు. 2025 మార్చి చివర బుల్డోజర్లు దిగినయి. విద్యార్థులు అడ్డం పడ్డారు, లాఠీ దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది. జింకలు, నెమళ్ళు, రాతి గుట్టలు పత్రికల మొదటి పేజీకి వచ్చినయి. మంచిదే. అయితే ఆ ఉద్యమం నడిచిన రోజుల్లో మామిడిపల్లి పేరు ఎత్తినవాళ్ళు మాకు కనిపించలేదు. ఒకే ఒప్పందం, ఒకే కంపెనీ, ఒకే తీర్పు. గచ్చిబౌలి దిక్కు 400 ఎకరాలకు యూనివర్సిటీ ఉంది, ఇంగ్లీషు తెలిసిన పిల్లలున్నారు, కెమెరాలున్నాయి. శంషాబాద్ దిక్కు 450 ఎకరాలకు ఊరు మాత్రమే ఉంది. ఎక్కువ భూమి పోయిన చోటికే తక్కువ మాట దక్కింది.

ఖాళీ భూమి అనే అబద్ధం

మామిడిపల్లి భూమిని, గచ్చిబౌలి భూమిని రెండింటినీ సర్కారు భూమి అన్నారు. రికార్డు ప్రకారం నిజమే. కాని తెలంగాణ పల్లెల్లో సర్కారు భూమి అంటే ఏమిటో పట్టా భూమి ఉన్న ఇంట్ల పుట్టినోళ్ళకు తెలియదు. కంచ అంటే పశువుల మేత. పట్టా లేని ఇంటివాళ్ళు రెండు మేకలో ఒక బర్రెనో సాదుకోవాలంటే వాటి కడుపు నిండేది అక్కడ. పొయ్యిలో కట్టె అక్కడిదే. గుట్ట పక్కన రాయి కొట్టుకుని బతికేది అక్కడే. సచ్చినోళ్ళను పెట్టేదీ చాలా ఊళ్ళల్లో అక్కడనే. ఈ వాడకం ఏదీ పహాణీ కాలమ్‌లో ఎక్కదు కాబట్టి ఆఫీసరు దృష్టిలో అది ఖాళీ జాగ.

ఇదే సర్కారు భూమిలోంచి భూమి లేని దళితులకు ఇచ్చిన ముక్కలను మా దిక్కు లావణి పట్టా అంటారు. చట్టం భాషలో అసైన్డ్ భూమి. 1958 జూలై 25 నాటి 1406 నెంబరు జీవోతో దాని మీద ఒక షరతు వచ్చింది. దున్నుకోవచ్చు, పిల్లలకు ఇవ్వచ్చు, అమ్మరాదు. 1977 నాటి 9వ చట్టం ఆ అమ్మకాలను పూర్తిగా నిషేధించింది. దొరలు, షావుకార్లు అప్పు కింద రాయించుకోకుండా కాపాడటానికే ఈ చట్టం. ఆ ఉద్దేశాన్ని మేము తప్పు పట్టడం లేదు. కాని అదే షరతు రాజ్యానికి కూడా పనికొచ్చింది. అమ్ముకునే హక్కు లేనోడికి ధర అడిగే హక్కు ఎక్కడిది అన్నారు. ప్రజా ప్రయోజనం అని ఒక నోటీసు ఇచ్చి భూమిని వాపసు తీసుకుంటే సరిపోయేది. పక్క పట్టాదారుకు పరిహారం, లావణి పట్టాదారుకు ఎంతో కొంత ఎక్స్‌గ్రేషియా.

మా ఇంటి సంగతే చెప్తాం. మా తాతకు 1970లలో రెండెకరాల లావణి పట్టా వచ్చింది. మా ఇంట్ల అక్షరం వచ్చిన మొదటి మనుషులం మేమే కాబట్టి ఆ కాయితంలో ఏం రాసి ఉన్నదో చాలాకాలం ఎవరికీ తెలియదు. మా నాయనమ్మ దాన్ని ట్రంకు పెట్టెలో పెండ్లి చీర కింద దాచింది. మేము చిన్న బడిలో ఉన్నప్పుడు ఒక ఆఫీసు వాళ్ళు వచ్చి అది పబ్లిక్ పనికి కావాలన్నారు. గట్టుకు ఇటు మా రెండెకరాలు, అటు ఒక పటేలు నాలుగెకరాలు. రెండూ ఒకే నేల, ఒకే జొన్న. పటేలుకు ఎకరాకు పడ్డ పైసలు మాకు రెండెకరాలకూ కలిపి పడలేదు. మా నాయనమ్మ ఆఫీసులో ఆ కాయితం చూపిస్తే, ఇది పట్టా కాదమ్మా అన్నారట. మరి ఇన్నేండ్లు దీన్ని పట్టా అని ఎందుకన్నరు అని అడిగిందట. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో మేము రాసిన నాలుగో అధ్యాయమంతా ఆమె అడిగిన ఆ ప్రశ్నే.

2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, చేవెళ్ళ డివిజన్ భూసేకరణ అధికారి వేసిన కేసులో, అసైన్డ్ భూమి తీసుకున్నా పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ కట్టివ్వాలని తీర్పు చెప్పింది. రంగారెడ్డి జిల్లా నుంచే ఆ కేసు పోవడం యాదృచ్ఛికం కాదు. నగరం పెరుగుతున్నది అటే, లావణి పట్టాలు ఉన్నదీ అటే. అదే 2004లో, అదే జిల్లాలో, ఎకరా 50,000కు 400 ఎకరాలు రిజిస్టర్ చేసిన ప్రభుత్వానికి దళితుని రెండెకరాల దగ్గర మాత్రం మార్కెట్ విలువ అనే మాట కోర్టు చెప్తే గాని గుర్తుకు రాలేదు.

2013 భూసేకరణ చట్టం కొంత మేలు. కూలీలను, కౌలుదార్లను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. కాని అదే చట్టం ప్రజా ప్రయోజనాల జాబితాలో ఆరోగ్యం, రవాణాలతో పాటు క్రీడా ప్రాజెక్టులను కూడా చేర్చింది. ఏ క్రీడ, ఎవరికి, టిక్కెట్ ఎంత అనే విచారణ అందులో లేదు.

ఎయిర్‌పోర్టు నేర్పిన పద్ధతి

మామిడిపల్లినే ఎందుకు ఎంచుకున్నారు? ఎయిర్‌పోర్టు వస్తున్నది కాబట్టి. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఒప్పందం మీద 2004 డిసెంబరులో సంతకాలు అయ్యాయి, 2008 మార్చిలో విమానాలు దిగాయి. సుమారు 5,500 ఎకరాలు లీజుకిచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం 107 కోట్ల గ్రాంటు, 315 కోట్ల వడ్డీ లేని అప్పు ఇచ్చింది. దానికి దక్కిన వాటా 13 శాతం. అప్పుడు జీఎంఆర్ వాటా 63 శాతం. ప్రభుత్వమూ ప్రైవేటూ భాగస్వామ్యం అనే పద్ధతి మన నేల మీద ఇంత పెద్ద ఎత్తున మొదట వేరూనింది ఇక్కడే. భూమి ప్రజలది, అప్పు తీర్చుకునే వ్యవధి కంపెనీది.

ఎయిర్‌పోర్టు అక్కర్లేదని మేము అనడం లేదు. గల్ఫ్‌కు పోయే కరీంనగర్, నిజామాబాద్ కూలీ కూడా అక్కడి నుంచే విమానమెక్కుతాడు. మేమనేది వేరే. ఎయిర్‌పోర్టు వస్తుందన్న వార్త రాగానే చుట్టూ ఉన్న సర్కారు భూమి విలువ పెరుగుతుంది. ఆ పెరుగుదలను సృష్టించింది ప్రజల డబ్బు. ధర ఇంకా పెరగకముందే తక్కువ రేటుకు ఎవరు రాయించుకుంటే వాళ్ళకు ఆ లాభం పోతుంది. అకాడమీ రావడం రాకపోవడం అప్పుడు రెండో సంగతి అవుతుంది. ఆట అనేది భూమి అడగడానికి మర్యాదైన కారణం. గుడి అంటే గొడవ, ఫ్యాక్టరీ అంటే కాలుష్యం, ఆట అంటే ఎవరు వద్దంటారు?

ఒక పక్క మాట. అదే 2008లో ఎయిర్‌పోర్టు నడిపే జీఎంఆర్ గ్రూపు ఐపీఎల్‌లో ఢిల్లీ టీమును 8.4 కోట్ల డాలర్లకు కొన్నది. ఇది నేరం కాదు. రన్‌వే, క్రికెట్ టీమ్ ఒకే ఇంటి పెట్టుబడులయ్యే కాలం వచ్చిందని చెప్పడానికే రాశాం.

బాలయోగి స్టేడియం, వెళ్ళిపోయిన టీమ్

రాజ్యం కట్టిన స్టేడియాలు కూడా ఉన్నాయి కదా అని అడగవచ్చు. ఉన్నాయి. గచ్చిబౌలిలో జాతీయ క్రీడల కోసం కట్టిన అథ్లెటిక్ స్టేడియానికి జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. లోక్‌సభకు స్పీకర్ అయిన మొదటి దళితుడు, 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. స్టేడియానికి దళితుని పేరు పెట్టిన ప్రభుత్వమే మరుసటి ఏడు అక్కడికి దగ్గరలోని కంచను కంపెనీకి ఇవ్వడానికి ఒప్పుకున్నది. పేరు మనకు, నేల వాళ్ళకు.

ఆ స్టేడియమే మన దగ్గర టీమ్ వలస కథకు వేదిక. ఇండియన్ సూపర్ లీగులో పుణె టీమ్ మూతపడితే 2019లో ఆ స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. బాలయోగి స్టేడియం దాని సొంత మైదానమైంది. 2022 మార్చిలో గోవాలో లీగు కప్పు గెలిచింది. తర్వాత ఆటగాళ్ళకు జీతాలు ఆగినయి, యాజమాన్యం మారింది, 2025 అక్టోబరులో టీమ్ ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పుణె నుంచి వచ్చింది, ఆరేండ్లు ఉంది, ఢిల్లీ పోయింది. వచ్చేటప్పుడు ఊరును అడగలేదు, పోయేటప్పుడూ అడగలేదు. స్టేడియం, దాని కరెంటు బిల్లు, గడ్డి కత్తిరించే కాంట్రాక్టు కూలీలు ఇక్కడే మిగిలారు.

ఒకప్పుడు ఈ నగరపు ఫుట్‌బాల్ ఇట్లా లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ ఇక్కడి మైదానాల్లో పెరిగింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో దేశం నాలుగో స్థానానికి చేరితే, ఆ జట్టులో హైదరాబాదీలు ఉన్నారు. ఆ టీమును ఎవరూ ఇంకో ఊరికి అమ్మలేరు, ఎందుకంటే దాన్ని ఎవరూ కొనలేదు.

క్రికెట్‌కు వస్తే కథ ఇంకా తేటగా ఉంటుంది. 2008లో డెక్కన్ ఛార్జర్స్ పేరుతో హైదరాబాద్ టీమ్ 10.7 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. 2010లో తెలంగాణ ఉద్యమం సాకుతో సొంత మ్యాచులను నాగపూర్‌కు, కటక్‌కు, ముంబైకి మార్చుకున్నది. ఊళ్ళో జనం తమ హక్కు అడుగుతుంటే టీమ్ ఊరు విడిచింది. 2012లో బోర్డు ఆ టీమును రద్దు చేసింది. అదే ఏడు అక్టోబరులో సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్ల చొప్పున కట్టేందుకు ఒప్పుకుని సన్‌రైజర్స్ హైదరాబాద్‌ను తెచ్చింది.

ముందు చెప్పిన అంకెను ఇప్పుడు పక్కన పెట్టండి. హైదరాబాద్ అనే పేరును క్రికెట్ టీముకు తగిలించుకోవడానికి ఏడాదికి 85 కోట్లు. హైదరాబాద్ నేల 400 ఎకరాలకు, శాశ్వతంగా, 2 కోట్లు. మొదటిది క్రికెట్ బోర్డు ఖజానాకు పోయింది, నగరానికి కాదు. రెండోది నగరం ఇచ్చుకోవాలి.

ఉప్పల్ స్టేడియం కరెంటు బకాయి కోటిన్నర దాటితే 2024 ఏప్రిల్‌లో, సరిగ్గా ఐపీఎల్ మ్యాచ్ ముందు, విద్యుత్ సంస్థ లైను కట్ చేయాల్సి వచ్చింది. 2025 మార్చిలో సన్‌రైజర్స్ యాజమాన్యానికి, క్రికెట్ సంఘానికి ఫ్రీ పాసుల దగ్గర తగాదా వచ్చి, హైదరాబాద్ విడిచిపోతామని యాజమాన్యం ఉత్తరం రాసింది. బాల్టిమోర్ భాష ఉప్పల్ దాకా వచ్చిందన్నమాట.

మన పైసలతో ఢిల్లీ ఆటలు

భూమి సంగతి అట్లుంచి నగదు దగ్గరికి వద్దాం. షెడ్యూల్డ్ కులాల ఉపప్రణాళిక కింద జనాభా నిష్పత్తి ప్రకారం దళితుల కోసమే ఖర్చు పెట్టాల్సిన నిధులుంటాయి. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీ ప్రభుత్వం ఆ నిధుల్లోంచి సుమారు 744 కోట్లు మళ్ళించిందని సమాచార హక్కు కింద దళిత, గృహహక్కుల సంఘాలు తీసిన కాగితాల్లో బయటపడింది. పార్లమెంటులో గొడవైంది. మళ్ళింపు జరిగిందని కేంద్ర హోంమంత్రి రాజ్యసభలో ఒప్పుకోక తప్పలేదు. స్టేడియాలు, రోడ్లు అందరివీ కాబట్టి దళితులూ వాటిని వాడుకుంటారనేది ఇటువంటి మళ్ళింపులకు ఎప్పుడూ చెప్పే సమర్థన. ఆ లెక్కన అందరికీ పడే వాన కూడా ఉపప్రణాళిక ఖర్చే.

ఇటువంటి మళ్ళింపుల మీద దళిత సంఘాలు ఏండ్ల తరబడి కొట్లాడితేనే ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఉపప్రణాళికకు చట్టం వచ్చింది. తెలంగాణ దాని స్థానంలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకున్నది. ఈ చట్టాలు డబ్బును కొంతవరకు కట్టడి చేస్తాయి. ఒక ఏడు ఖర్చు కాని నిధి వచ్చే ఏటికి కలపాలని తెలంగాణ చట్టం చెప్తుంది. భూమికి మాత్రం ఇటువంటి చట్టం లేదు. సర్కారు భూమి ఎంత కంపెనీకి పోతే అందులో దళితుల వాటా ఇంత అని చెప్పే ఉపప్రణాళిక భూమికి లేదు. 850 ఎకరాలు రద్దై వెనక్కి వచ్చినప్పుడు కూడా, వచ్చింది రాష్ట్రానికి. మామిడిపల్లిలో గుంట భూమి లేని ఇండ్లు ఎన్ని, వాళ్ళకు అందులో ఏమైనా దక్కుతుందా అనే ప్రశ్న ఇన్నేండ్ల వాదనల్లో ఏ పక్షమూ వేయలేదు. వేయాల్సిన అవసరమూ వాళ్ళకు లేదు. కంపెనీ కంపెనీ కోసం వాదించింది, రాష్ట్రం రాష్ట్రం కోసం వాదించింది. ఊరు కక్షిదారే కాదు.

బేగరి కంచ

శ్రీశైలం రోడ్డు మీద మామిడిపల్లిని దాటి ఇంకా దక్షిణానికి పోతే కందుకూరు మండలం వస్తుంది. ఫ్యూచర్ సిటీ అంటున్న జాగా అటే. అక్కడ మీర్‌ఖాన్‌పేట దగ్గర ఒక కంచకు బేగరి కంచ అని పేరు. 2024 ఆగస్టులో స్కిల్ యూనివర్సిటీకి పునాది వేసింది ఆ ప్రాంతంలోనే. అదే నెలలో ముఖ్యమంత్రి శాసనసభలో, బేగరి కంచలో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియానికి స్థలం ఇస్తామని, క్రికెట్ బోర్డుతో మాట్లాడామని ప్రకటించారు.

బేగరి అంటే ఏమిటో తెలంగాణ పాఠకులకు చెప్పాల్సిన పని లేదు. కోస్తా పాఠకుల కోసం చెప్తున్నాం. ఊరికి కబురు మోసినోడు, ఆఫీసరు గుర్రానికి గడ్డి వేసినోడు, సచ్చిన మనిషికి గుంత తవ్వినోడు, కూలి లేకుండా వెట్టి చేసిన మాల మాదిగ మనిషి పేరు అది. ఇప్పటికీ వందల ఇండ్లకు అది ఇంటిపేరు. యూనివర్సిటీ హాజరు పట్టికల్లో కూడా ఉంటుంది.

ఆ కంచలో ఏ సర్వే నెంబర్లు ఉన్నాయి, 1954–55 ఖాస్రా పహాణీలో ఎవరి పేర్లు ఎక్కినయి, తర్వాత లావణి పట్టాలు ఎన్ని ఇచ్చారు, అందులో ఇప్పుడు ధరణి, భూభారతి రికార్డుల్లో మిగిలినవి ఎన్ని అనేది స్టేడియం నక్షా రాకముందే తెలియాలి. మామిడిపల్లిలో ఒప్పందం బయటికొచ్చినంక కాగితాలు వెతికినోళ్ళే అందరూ. నకళ్ళ కోసం సమాచార హక్కు కింద మేము దరఖాస్తు పెట్టాం. రసీదు మా దగ్గర ఉంది. నకళ్ళు వచ్చినంక సర్వే నెంబరు వారీగా వాటిని ఈ పత్రికలోనే అచ్చు వేస్తాం. కందుకూరు, మహేశ్వరం మండలాల్లో లావణి పట్టా కాగితం ఇంట్లో ఉన్నవాళ్ళు, అది చదవడం రాకపోయినా సరే, పత్రిక అడ్రసుకు ఒక జిరాక్సు పంపాలని కోరుతున్నాం. ట్రంకు పెట్టె అడుగున ఉన్నా తీయండి.